పిక్ లేకుండా బేస్ గిటార్ మీద కార్డ్స్: ఎపిసోడ్‌లో చేతులు కనపడవు కాబట్టి రాసి పెడుతున్నా

ఎపిసోడ్‌లో వాయించి వినిపించాను గానీ, ఏ తీగ మీద ఏ వేలు పెట్టానో చెవితో చూడలేరు కదా. అందుకే ఇది. నేను సంగీతం చదువుకున్నవాణ్ణి కాదు. ఐటిఐలో ఫిట్టర్ ట్రేడ్ చేసి, తిరిగి తిరిగి ఇప్పుడు దుబాయ్‌లో కాంక్రీట్ సైట్ మీద సూపర్‌వైజర్‌గా ఉన్నా. కాబట్టి నాకు తెలిసిన సైట్ భాషలోనే చెప్తాను.

మా రూమ్‌లో ఆరుగురం. సెలవు రోజు సాయంత్రం పాటలకి గిటార్ వాయించే కుర్రాడు వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇంటికెళ్ళిపోయాడు, గిటార్ కూడా పట్టుకెళ్ళాడు. మిగిలింది నా బేస్ గిటార్ ఒక్కటే. ఊరెళ్ళిపోతూ ఒక ఫిలిప్పీన్స్ మేస్త్రీ చవగ్గా ఇచ్చిన నాలుగు తీగల బేస్ అది. ఆ నెలలోనే మా పాప పుట్టినరోజు వచ్చింది. బోటిమ్‌లో వీడియో కాల్ పెట్టి, దానికి ఇష్టమైన సినిమా పాట పాడుతూ బేస్ మీద కార్డ్స్ కొట్టాను. గిటార్ కుర్రాడు పట్టే సి మేజర్ చూసి చూసి గుర్తుంది, అదే పట్టాను. రెండు లైన్లు అయ్యాక పాప ఆపేసింది. "నాన్నా, అక్కడ మిక్సీ ఆన్ చేశారా?" అంది. వెనకాల మా ఆవిడ నవ్వు.

పట్టు తప్పు కాదు. తప్పు ఎక్కడుందో తెలియడానికి నాకు చాలా వారాలు పట్టింది.

గిటార్ మీద సి మేజర్ పడితే కింది మూడు స్వరాలు సెకనుకి దాదాపు 131, 165, 196 సార్లు ఊగుతాయి. మన లెక్కలో స, గ, ప. అదే పట్టు బేస్ మీద పడితే స్వరాలు అవే గానీ ఒక స్థాయి కిందికి పోతాయి. అంటే 65, 82, 98. ఒకదానికీ ఇంకోదానికీ తేడా 16, 17 మాత్రమే. అంత కింద అంత దగ్గరగా ఉన్న రెండు మోతల్ని మన చెవి విడదీసుకోలేదు, రెండూ కలిసి గరగరమంటాయి. బీమ్‌లో కడ్డీలు మరీ దగ్గరగా కట్టేస్తే ఏమవుతుంది? ఎంత వైబ్రేటర్ పెట్టినా కాంక్రీట్ మధ్యలోకి దిగదు, షట్టరింగ్ విప్పితే హనీకోంబ్. బేస్ కార్డ్ కూడా అంతే. స్వరాలకి మధ్య జాగా వదలాలి.

జాగా ఎలా వదలాలంటే, గ ని పై స్థాయికి ఎక్కించేయాలి. స కింద, గ పైన. సి మేజర్‌కి ఇ తీగ (అన్నిటికంటే లావు తీగ) 8వ ఫ్రెట్ మీద చూపుడు వేలు, జి తీగ (అన్నిటికంటే సన్నది) 9వ ఫ్రెట్ మీద నడిమి వేలు. చూపుడు వేలిని నిలబెట్టకుండా పడుకోబెడితే మధ్యలో ఉన్న ఏ, డి తీగల్ని తేలిగ్గా తాకుతుంది, అవి మోగవు. ఇప్పుడు నాలుగు తీగలూ కలిపి కొట్టినా మోగేవి రెండే: 65, 165. మధ్యలో లారీ తిరిగేంత జాగా. ఇది అలవాటయ్యాక డి తీగ 10వ ఫ్రెట్ మీద చిటికెన వేలు కలపండి. అది పై స, కార్డ్ నిండుగా వస్తుంది.

దీంట్లో గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒక్కటే. ఇ తీగ మీద స ఏ ఫ్రెట్‌లో ఉందో, జి తీగ మీద దానికి ఒక ఫ్రెట్ ముందుకి వేస్తే మేజర్. అదే ఫ్రెట్‌లో వేస్తే మైనర్. ఏ మైనర్ అంటే ఇ తీగ 5, జి తీగ 5. అక్కడ నడిమి వేలు, ఉంగరం వేలు వాడి, చూపుడు వేలుతో వెనకనుంచి మధ్య తీగల్ని ఆపండి.

ఎఫ్ మేజర్, జి మేజర్ దగ్గర చిక్కొస్తుంది. ఇ తీగ మీద అవి 1, 3 ఫ్రెట్లలో పడతాయి, బాగా కింద. నేను వాటికి ఏ తీగ మీదికి మారతాను. ఎఫ్‌కి ఏ తీగ 8, డి తీగ 10, జి తీగ 10. జి మేజర్‌కి అదే పట్టుని రెండు ఫ్రెట్లు ముందుకి జరిపితే చాలు: 10, 12, 12. లావు ఇ తీగ మోగకుండా చూపుడు వేలి కొస దానికి ఆనించాలి. ఈ పట్టులో గ లేదు, స, ప, పై స మాత్రమే. ఏం పర్లేదు. పాడేవాడి గొంతులో గ ఉంటుంది, వినేవాళ్ళ చెవి మిగతాది నింపుకుంటుంది.

ఇక కుడిచెయ్యి. పిక్ ఎందుకు వద్దంటున్నాను? పిక్ చెడ్డదని కాదు. కేరల్ కే అనే ఆవిడ అమెరికాలో ఎన్నో రికార్డింగులకి పిక్‌తోనే బేస్ వాయించింది. కానీ ఆవిడ ఎక్కువగా ఒక్కో స్వరం మీటుతుంది, మనం నాలుగు తీగలూ కలిపి గీస్తున్నాం. మామూలు సెట్‌లో జి తీగ మందం ఒక మిల్లీమీటర్ పైచిలుకు, మనం కడ్డీలు కట్టే బైండింగ్ వైరంత. ఇ తీగ దాదాపు 2.7 మిల్లీమీటర్లు. సన్నదాని మీద పిక్ జారిపోతుంది, లావుదాని మీద తట్టుకుంటుంది. పైగా ప్రతి దెబ్బకీ టక్కుమనే చప్పుడు. పైబెర్త్‌లో నైట్ షిఫ్ట్ వాడు పడుకుని ఉంటే ఆ టక్కు చాలు గొడవకి.

బొటనవేలి కండ వాడండి. గోరు కాదు, వేలి పక్కన మెత్తగా ఉండే భాగం. మొబైల్ స్క్రీన్ మీద పక్కకి జరిపినట్టు, లావు తీగ నుంచి సన్న తీగ దాకా తేలిగ్గా జరపాలి. మోచెయ్యి ఊపొద్దు, మణికట్టు చాలు. కొట్టే చోటు కూడా ముఖ్యం. బ్రిడ్జి దగ్గర తీగలు గట్టిగా ఉంటాయి, వేలు ఎదురు తిరుగుతుంది. మెడ చివర, ఆఖరి ఫ్రెట్ల దగ్గర కొడితే తీగ లొంగుతుంది, మోత గుండ్రంగా వస్తుంది.

తిరిగి పైకొచ్చేటప్పుడు చూపుడు వేలి కండతో జి, డి తీగల్ని మాత్రమే తాకండి. లావు తీగ కిందికి కొట్టేటప్పుడు మాత్రమే మోగాలి, అదీ తాళంలో ఒకటో దెబ్బకీ మూడో దెబ్బకీ. అన్ని దెబ్బలకీ లావు తీగ మోగిస్తే మళ్ళీ మిక్సీయే. రెండో దెబ్బ, నాలుగో దెబ్బ దగ్గర ఎడమచేతి వేళ్ళు ఎత్తకుండా నొక్కుడు మాత్రం వదిలితే "చిక్" అని పొడి శబ్దం వస్తుంది. డ్రమ్స్ లేని రూమ్‌లో అదే మన డ్రమ్.

నెమ్మది పాటలకి గీయడం కూడా మానేయొచ్చు. బొటనవేలు ఇ తీగకి, చూపుడు వేలు డి తీగకి, నడిమి వేలు జి తీగకి ఇచ్చి మూడూ ఒకేసారి లాగాలి. నాకు అన్నిటికంటే శుభ్రంగా వినపడేది ఇదే. గోళ్ళ వీపుతో కిందికి విసిరే పద్ధతి కూడా ఉంది, మోత పదునుగా వస్తుంది. కానీ షట్టరింగ్ పనిచేసే వాళ్ళకి గోళ్ళు ఎక్కడివి? వేళ్ళతోనే బేస్ మీద కార్డ్స్ ఎంత దూరం తీసుకెళ్ళొచ్చో వినాలంటే స్టాన్లీ క్లార్క్ 1976 నాటి "స్కూల్ డేస్" వినండి. మొదట్లోనే తెలుస్తుంది.

ఇప్పుడు చేతుల సంగతి. దీని మీద నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను, ఎందుకంటే మనకి అన్నం పెట్టేవి అవే. తడి సిమెంట్ సున్నం లాంటిది, చర్మాన్ని తినేస్తుంది. గ్లౌజులు లేకుండా పనిచేసిన రోజు బొటనవేలు ఎండి పగులుతుంది. ఆ పగులు మీద బేస్ తీగ గీస్తే అది ఆకురాయే. మామూలు తీగల మీద చుట్టిన వైరు గరుకుగా ఉంటుంది. నేను ఒకసారి పట్టించుకోకుండా వాయించాను. పగులు లోతైంది, చీము పట్టింది, నాలుగు రోజులు టేప్ కూడా సరిగ్గా పట్టుకోలేకపోయాను. ఇప్పుడైతే సైట్ నుంచి రాగానే సబ్బుతో కడిగి, ఏదో ఒక క్రీమో కొబ్బరినూనో రాసి, అది ఇంకాకే బేస్ ముట్టుకుంటాను. మొదటి రెండు వారాలు రోజుకి పది నిమిషాలు మించొద్దు. బొబ్బ వస్తే గిల్లకండి. డబ్బులుంటే ఫ్లాట్‌వూండ్ అనే నున్నటి తీగలు వేయించుకోండి, ఖరీదెక్కువ గానీ చర్మం మిగులుతుంది.

బ్రేకర్ పట్టేవాళ్ళకి ఇంకో మాట. పని అయ్యాక వేళ్ళు తిమ్మిరెక్కి ఉంటే ఆ రోజు వాయించొద్దు. తిమ్మిరిలో ఎంత గట్టిగా నొక్కుతున్నామో మనకే తెలియదు. వేళ్ళ కొసలు తెల్లబడుతుంటే అది గిటార్ సమస్య కాదు, ఆగకుండా క్లినిక్‌లో చూపించాలి.

ఫోన్ విషయం చెప్పి ఆపుతా. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్ 65 లాంటి కింది మోతని పలికించలేదు. మనం ఇక్కడ ఎంత లావు తీగ మోగించినా అక్కడ ఇంట్లో వాళ్ళకి అందేది పై స్వరాలే. అందుకే వీడియో కాల్‌కి జి తీగ మీద ఉన్న గ, డి తీగ మీద ఉన్న పై స బాగా మోగేలా చూసుకోండి. యాంప్ ఉంటే బేస్ నాబ్ సగానికి తగ్గించి మిడ్ కొంచెం పెంచండి. ఫోన్‌ని యాంప్ మూతికి ఆనించొద్దు, చెయ్యి చాపినంత దూరంలో పెట్టండి. యాంప్ లేకపోతే బేస్ తల చివరని చెక్క బీరువాకి ఆనించి వాయించండి, బీరువా మొత్తం మోగుతుంది. రూమ్‌లో ఎవరూ నిద్రపోవడం లేదని చూసుకుని మాత్రమే.

పోయిన నెల అదే పాట మళ్ళీ వాయించాను. పాప ఈసారి మధ్యలో ఆపలేదు, రెండో చరణం నుంచి తనే అందుకుని పాడింది. కాల్‌లో గొంతు ఆలస్యంగా వస్తుంది కాబట్టి దాని పాటకి నా తాళం కలవలేదు, అది వేరే సంగతి. ఇప్పుడు ఇంకో పాట అడిగింది. అది డి మైనర్‌లో మొదలవుతుంది: ఇ తీగ 10, జి తీగ 10.