అసన్న, ఊసన్నల కోసం ఊరంతా వీధిలోకి

మొహరం నెలవంక కనిపించిందంటే అనంతపురం జిల్లా పల్లెల్లో పీర్ల సావిడి తలుపులు తెరుచుకుంటాయి. ఏడాదంతా పెట్టెలో ఉన్న పీర్లను బయటకు తీసి, తోమి, దట్టీలు కట్టి, పూలు చుట్టి వరుసగా నిలబెడతారు. సావిడి ముందు గుండం తవ్వుతారు. ఇక పెద్ద సరిగెత్తు రాత్రి వచ్చేసరికి ఊళ్లో ఇంటి పట్టున ఉండేది మంచం పట్టిన వాళ్లే.

ఇది తిరునాళ్ల వంటిది కాదని ముందుగా చెప్పుకోవాలి. ఇది దుఃఖదినం. క్రీ.శ. 680లో ఇరాక్ దేశంలోని కర్బలా మైదానంలో ప్రవక్త మనుమడు హుసేన్ కొద్దిమంది అనుచరులతో, కుటుంబంతో సహా శత్రుసేన మధ్య చిక్కుకున్నాడు. పక్కనే యూఫ్రటీస్ నది ఉన్నా తాగడానికి నీళ్లు దక్కనివ్వలేదు. పదవ రోజున ఆయనను చంపారు. ఆయన అన్న హసన్ అంతకు సుమారు పదేళ్ల ముందే మదీనాలో మరణించాడు. మన పల్లె పాటల్లో మాత్రం అన్నదమ్ములిద్దరూ కలిసే యుద్ధానికి పోతారు, కలిసే ఒరుగుతారు. పాట కట్టినవాడికి అన్నను, తమ్ముణ్ణి విడదీయ మనసు రాలేదు కాబోలు.

దాహంతో చనిపోయిన వాడి కథ కరువు సీమలో ఇంతగా నాటుకోవడంలో వింతేమీ లేదు. ఆ రోజుల్లో వీధివీధిన పానకం పంచుతారు. అడిగిన వాడికి లేదనరు.

ముస్లింల గడప ఒక్కటీ లేని ఊళ్లలో కూడా సావిడి ఉంటుంది, పీర్లు లేస్తాయి. పీరు ఎత్తే హక్కు ఒక ఇంటిది, గుండానికి కట్టెలు తోలడం ఇంకొకరిది, తప్పెట కొట్టేది మరొకరు. చక్కెర చదివింపులు అందరివీ. మొక్కు తీరి పుట్టిన బిడ్డకు కుళ్ళాయప్ప అనో, ఫకీరప్ప అనో, హుసేనమ్మ అనో పేరు పెడతారు. బడిలో హాజరు పిలిచే అయ్యవారు పేరు చూసి పిల్లవాడి మతం చెప్పలేడు.

నార్పల మండలం గూగూడు కుళ్ళాయిస్వామి ఉత్సవాలు ఇందులో పెద్దవి. కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి కూడా జనం దిగుతారు. ఈ ఊరి పండుగ మీద కవి, పరిశోధకుడు అఫ్సర్ మహమ్మద్ ఇంగ్లీషులో రాసిన పుస్తకాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ వారు అచ్చు వేశారు.

ఈ పీర్లు సముద్రం కూడా దాటాయి. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పనికి మనుషులు కావాలని తెల్లదొరలు 1845 నుంచి మన దేశపు కూలీలను వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ దీవికి ఓడల్లో తరలించారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, కొందరు మద్రాసు నుంచి వెళ్లారు. అక్కడ మొహరాన్ని హోసే అంటారు. వెదురు, రంగు కాగితాలతో తాజియాలు కట్టి తాషా డోళ్లతో ఊరేగిస్తారు. ముస్లింలతో పాటు హిందువులు, నల్లజాతి వారు కూడా కలిసి నడిచేవారు. కూలీలంతా ఇలా ఒక్కటి కావడం దొరలకు గుబులు పుట్టించింది. ఊరేగింపులు పట్టణాల్లోకి రాకూడదని ఆంక్ష పెట్టారు. 1884 అక్టోబరు 30న శాన్ ఫెర్నాండో పొలిమేరల్లో పోలీసులు కాల్పులు జరిపితే కనీసం 16 మంది కూలీలు చనిపోయారు. అయినా అక్కడ హోసే నేటికీ సాగుతున్నది. కాల్పులతో ఆగని పండుగ అది.

మన ఊళ్లలో తుపాకుల భయం లేదు. కానీ ఇబ్బందులు వేరే ఉన్నాయి. పీరుకు మొక్కడం అసలైన ఇస్లాం కాదని కొందరు ముస్లిం పెద్దలు చెబుతున్నారు. మనకెందుకు ఆ పండుగ అని ఇటు వైపు కొందరు అంటున్నారు. ఎవరి నమ్మకం వారిది, బలవంతం లేదు. అయితే ఈ రెండు మాటల మధ్య నలిగేది ముజావరు కుటుంబం. సావిడి మాన్యం ఉన్న ఊళ్లు కొన్నే. సున్నం కొట్టడానికీ, నూనెకూ చందాలే దిక్కు.

ఇంకొకటి డీజే పెట్టెలు. అలాయి తొక్కేవాడి అడుగుకు తప్పెట కొట్టేవాడు దెబ్బ సరిచూసుకుంటాడు. అడుగు తడబడితే దెబ్బ నెమ్మదిస్తుంది, ఊపు వస్తే జోరందుకుంటుంది. పెట్టెకు ఎదుటివాడి కాళ్లు కనపడవు. పైగా తప్పెట దెబ్బల వరుస చెప్పే ముసలివాళ్లు ఉండగానే పిల్లలు నేర్చుకోకపోతే తర్వాత నేర్పే వాళ్లుండరు. పులి వేషం రంగులు పూసే చేతులదీ అదే పరిస్థితి. పెట్టెల అద్దెకు పోసే డబ్బులో సగం తప్పెటగాళ్లకు ఇచ్చినా వాళ్లు మరో ఏడు బెంగళూరు నుంచి బస్సెక్కి వస్తారు.

చాంద్రమానం కావడంతో ఈ పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో పదవ రోజు జూలైలో పడింది, సరిగ్గా వేరుశనగ విత్తే అదను. చాలామంది గొర్రు వదిలి రాలేకపోయారు. మరి మూడు నాలుగేళ్లలో మే నెలకు వస్తుంది. అప్పటికి పొలం పనులుండవు, బడులకు సెలవులు, వలస పోయిన వారు కూడా ఊళ్లకు చేరే కాలం. సావిళ్లకు మరమ్మతులు చేయదలచిన పంచాయతీలు ఆ లోపే పూనుకుంటే బాగుంటుంది.