ఫీజు కట్టడం

మన ఊళ్లలో ఫ్యూజును ఫీజనే అంటారు. "ఫీజు కట్టావా?" అని ఎవరైనా అడిగితే అది పిల్లాడి బడి గురించో, మీటరు బోర్డు గురించో మనమే పోల్చుకోవాలి. రెండేళ్ల కిందట కోదాడ దాటాక, ముసురులో, రాత్రి ఎనిమిదింటికి నాకు ఈ మాట రెండో అర్థంలో అవసరపడింది. హ్యాండిల్ ఎడమకు తిప్పానో లేదో హెడ్‌లైటు, మీటరు, ఇంజను అన్నీ ఒక్కసారే పోయాయి. తాళం ఆపి మళ్లీ తిప్పితే ఒక్క ఎర్ర దీపం కూడా వెలగలేదు.

బండి తోసుకుంటూ ఒక పంక్చర్ కొట్టు దాకా వెళ్లి, సీటు తీసి మెయిన్ ఫీజు పీకాను. నీలం ప్లాస్టిక్, నెత్తిన 15 అంకె. లోపల వంపు తిరిగి ఉండాల్సిన రేకు మధ్యలో మాయమైంది. గోడలకు మసి, చిందిన వెండి చుక్కలు. మూతలో ఉన్న స్పేరు ఫీజు పెట్టాను, దీపాలొచ్చాయి. హ్యాండిల్ తిప్పాను, పోయాయి.

కొట్టతను తాపీగా సలహా ఇచ్చాడు: "సిగరెట్ డబ్బాలో వెండి కాగితం చుట్టెయ్యండి సార్, ఇల్లు చేరిపోతారు."

చాలామంది చేరారు కూడా. చేరని వాళ్ల బండ్లు ఎందుకు తగలబడ్డాయో తెలియాలంటే ఈ చిన్న రేకు పుట్టుపూర్వోత్తరాలు కాస్త చూడాలి.

కరెంటు దీపం ఇంకా ఇళ్లలోకి రాకముందే ఫీజు ఆలోచన పుట్టింది. అప్పటి శత్రువు పిడుగు. టెలిగ్రాఫ్ తీగ మీద ఎక్కడో పడ్డ పిడుగు ఆ తీగ పట్టుకునే స్టేషన్‌లోకి వచ్చి పరికరాలను కాల్చేది. గడియారాలకు పేరుపడ్డ ఫ్రెంచి బ్రెగే కుటుంబంలో మనవడు లూయీ బ్రెగే 1847లో ఒక ఉపాయం చెప్పాడు. పరికరం చేరేముందు కొంత మేర సన్న తీగ వేయండి, వచ్చిన దెబ్బకు అదే తెగిపోతుంది, మిగతాది బతుకుతుంది అని. ఒక వస్తువును పాడవడానికే తయారుచేయడం ఎంత విచిత్రమైన ఆలోచనో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఎడిసన్ దాన్ని ఇంట్లోకి తెచ్చాడు. 1880లో అతను పొందిన పేటెంటులో నాకు నచ్చే ముక్క ఒకటుంది. తీగ కరిగితే వేడి లోహపు చుక్కలు తివాచీల మీద, కుర్చీలూ బల్లల మీద పడకూడదట, అందుకని తీగకు కరెంటు పారని తొడుగు వేశాడు. నా చేతిలోని నీలం ప్లాస్టిక్ ఆ తొడుగుకు మునిమనవడు. లోపల చిందిన చుక్కలు బయటికి రాలేదు కదా!

తీగ ఎంత సన్నగా ఉండాలి అన్న లెక్క బ్రిటిష్ తపాలా శాఖ ఇంజినీరు విలియం ప్రీస్ 1880లలో తేల్చాడు. తీగ మందం రెట్టింపు చేస్తే దాన్ని కరిగించడానికి కావలసిన కరెంటు రెట్టింపు కాదు, దాదాపు 2.8 రెట్లవుతుంది. ఈ సూత్రం ప్రకారం 0.2 మిల్లీమీటర్ల రాగి పోగు ఒక్కటి సుమారు 7 ఆంపియర్ల దగ్గర కరుగుతుంది. మనవాళ్లు వైరు ఒలిచి, నాలుగు పోగులు మెలేసి ఫీజు కడితే అది 28 దాకా మోస్తుంది. పైగా ఫీజు రేకు జింకుది, 420 డిగ్రీలకు కరుగుతుంది. రాగి కరగాలంటే 1085 కావాలి. ఆ రాగి ఎర్రబడేలోపే ట్యాంకు కింద వైరు మీది ప్లాస్టిక్ కారిపోతుంది. అక్కడ పెట్రోలు ఉందని వేరే చెప్పక్కర్లేదు. సిగరెట్ కాగితానికైతే ఏ లెక్కా లేదు, ఎన్ని చుట్లు చుట్టారన్నదే దాని ఆంపియర్.

1927లో చికాగోలో ఎడ్వర్డ్ సుండ్ట్ అనే ఆయన సున్నితమైన మీటర్లు కాలిపోకుండా చిటికెడంత ఫీజు చేసి, దానితోనే లిటిల్‌ఫ్యూజ్ కంపెనీ పెట్టాడు. తర్వాత చాలాకాలం బండ్లలో గాజు గొట్టం ఫీజులే. వాటి బాధ పాత బండి నడిపినవాళ్లకు తెలుసు. తీగ బాగానే కనిపిస్తుంది, టోపీలో తెగి ఉంటుంది. లేదా క్లిప్పుకు తుప్పు పట్టి గోతి పడ్డప్పుడల్లా లైటు మిణుకుమంటుంది. 1970ల నడుమ వచ్చిన రెండు కాళ్ల బ్లేడు ఫీజు ఈ గొడవ తీర్చింది. రంగు చూస్తే అంకె తెలుస్తుంది: గోధుమ 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. ఫీజు పీకకుండానే వాటి మీద టెస్ట్ ల్యాంపు ఆనించి చూడొచ్చు.

15 అని రాసినంత మాత్రాన 15 దాటగానే తెగదు. పదో వంతు ఎక్కువైనా వంద గంటలు ఓర్చుకోవాలని ప్రమాణం. 20 పారితే ముప్పావు సెకను నుంచి పది నిమిషాల్లో, 30 పారితే అయిదు సెకన్లలోపు తెగాలి. అందుకే తెగిన తీరు చూస్తే జబ్బు సగం తెలుస్తుంది. మసి లేకుండా సన్నగా విడిపోతే భారం కాస్త ఎక్కువైందనో, ఏళ్ల తరబడి అదురుకు రేకు అలిసిపోయిందనో అనుకోవచ్చు. కంపెనీ వైరుకే 55 వాట్ల ఫాగ్ లైట్లు రెండు తగిలిస్తే అదనంగా 9 ఆంపియర్లు. నల్లగా పేలితే మాత్రం ఎక్కడో ప్లస్ వైరు నేరుగా ఛాసిస్‌కు తగులుతోందన్నమాట. అన్నట్టు, వీటన్నిటికంటే ఎక్కువ తాగే సెల్ఫ్ మోటారుకు ఈ ఫీజుతో పనే లేదు. దాని లావు కేబుల్ బ్యాటరీ నుంచి రిలే మీదుగా నేరుగా పోతుంది.

నాది పేలిన ఫీజు. పక్క షెడ్డు మెకానిక్‌ను లేపుకొచ్చాం. అతను కొత్త ఫీజు అడగలేదు, ఇండికేటర్ బల్బు ఒకటి తెచ్చాడు. దానికి రెండు వైర్లు అతికించి ఉన్నాయి. ఫీజు గూట్లోని రెండు చీలికల్లో వాటి కొసలు గుచ్చి తాళం వేశాడు. 21 వాట్ల బల్బు, ఎంత షార్టున్నా రెండు ఆంపియర్ల లోపే పారనిస్తుంది. బల్బు మసగ్గా వెలిగింది. బండి మామూలుగా తాగే కరెంటు అది. హ్యాండిల్ తిప్పాడు. బల్బు భగ్గున నిండుగా వెలిగింది. "దొరికింది సార్, మెడ దగ్గరుంది."

ఇక కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీశాడు. కుడి స్విచ్చుల కప్లర్ తీశాడు, బల్బు అలాగే ఉంది. ఎడమది తీశాడు, తగ్గిపోయింది. బ్యాటరీ మైనస్ విప్పి, ట్యాంకు ముందుభాగం ఎత్తి టార్చి కొడితే కనిపించింది. అంతకుముందు సర్వీసింగులో ఎవరో వైర్ల కట్టను క్లిప్పులో పెట్టకుండా వదిలేశారు. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా అది స్టీరింగు స్టాపరుకు రాసుకుని, ఒకచోట గోరంత రాగి బయటపడింది. ఫీజు రెండుసార్లు తెగి చెప్పిన సంగతి ఇదే. నేను వినకుండా స్పేరును కూడా బలిపెట్టాను.

వైరుకు స్లీవు, టేపు వేసి కట్టను దాని క్లిప్పులో పెట్టాడు. బల్బు తీసి తన డబ్బాలోంచి నీలం ఫీజు వేశాడు. హ్యాండిల్ అటూ ఇటూ పదిసార్లు తిప్పాం, దీపం కదల్లేదు.

ఈ ఆదివారం మీ బండి సీటు ఒకసారి తీసి చూడండి. ఫీజు మీది అంకె, మూత మీద రాసిన అంకె ఒకటేనా? ముందున్న యజమానో, మెకానిక్కో నీలం చోట ఆకుపచ్చది పెట్టి ఉంటే వెంటనే మార్చండి. మూతలో స్పేరు ఉండాల్సిన గూడు చాలా బండ్లలో ఖాళీగానే ఉంటుంది.