56 డిగ్రీలు, అరగంట

జీడిమెట్ల పారిశ్రామికవాడ నుంచి రేవుకు బయల్దేరే సరుకు కింద చెక్క ప్యాలెట్ ఉంటే, దాని పక్కపలకను ఒకసారి పరికించి చూడండి. గోధుమ కంకి బొమ్మ, ‘ఐఎన్’ అన్న దేశం గుర్తు, తయారీదారు నంబరు, ‘హెచ్‌టీ’ అన్న రెండక్షరాలు కనిపిస్తాయి. ఆ ముద్ర లేకపోతే అవతలి దేశంలో సరుకు ఆగిపోతుంది. ఎగుమతిదారుల్లో చాలామందికి అదొక కాగితాల తతంగం. నిజానికి ఆ ముద్ర అడవులకు కాపలా.

అడవికి పురుగు పడితే ఏమవుతుందో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా చూసింది. 1990ల నుంచి మౌంటెన్ పైన్ బీటిల్ అనే పెంకుపురుగు అక్కడ సుమారు కోటీ 80 లక్షల హెక్టార్ల అడవిని దెబ్బతీసింది. తెలంగాణ మొత్తం విస్తీర్ణానికి ఒకటిన్నర రెట్లకు పైమాటే! పురుగు చూస్తే బియ్యపు గింజంత. ఆడపురుగు బెరడు తొలుచుకుని లోపలికి వెళ్లి ఒక వాసన వదులుతుంది. దానికి గుంపులు గుంపులుగా మిగతావి వచ్చి వాలతాయి. చెట్టు జిగురు కార్చి వాటిని బయటికి నెట్టాలని చూస్తుంది. కానీ పురుగులు మోసుకొచ్చిన నీలి బూజు నీరెక్కే దారులను మూసేస్తుంది.

ఆకులు ఎర్రబడేది మరుసటి ఏడాది. అప్పటికి పిల్లపురుగులు పెరిగి పక్క చెట్టుకు ఎగిరిపోయి ఉంటాయి. అందుకే అటవీ సిబ్బంది వెతకాల్సింది ఎర్రచెట్టు కోసం కాదు. పచ్చగానే ఉండి, కాండం మీద జిగురు ఉండలు, మొదలు దగ్గర రంపపు పొట్టు కనిపించే చెట్టును పట్టుకోవాలి. చలికాలంలోనే నరికి కాల్చేయాలి. ఒకప్పుడు పురుగులను చంపే పని చాలావరకు మైనస్ 40 డిగ్రీల చలే చేసేది. చలికాలాలు వేడెక్కాక, మంటలు పడనీయక పెంచిన ముసలి చెట్లు ఒకేచోట గుమిగూడి ఉండటంతో పురుగుకు పండగైంది.

ఇది ఆ నేల పురుగే. పరాయి దేశం నుంచి వచ్చిన తెగులైతే చెట్టుకు దాన్ని ఎదిరించే శక్తి కూడా చాలాసార్లు ఉండదు. ఉత్తర అమెరికా పైన్ నులిపురుగు గత శతాబ్దం మొదట్లోనే జపాన్ చేరింది. 1999లో పోర్చుగల్‌లో బయటపడింది. చెట్టు నుంచి చెట్టుకు దాన్ని మోసేది పెంకుపురుగే. ప్యాకింగ్ చెక్కతో వచ్చే ఇలాంటి తెగుళ్లను ఆపడానికే 2002లో అంతర్జాతీయంగా ఐఎస్‌పీఎం 15 అనే ప్రమాణం తెచ్చారు.

అందులో ‘హెచ్‌టీ’ ముద్రకు, అంటే వేడి పద్ధతికి, చెప్పేది ఇదీ: చెక్క నడిగర్భంలో 56 డిగ్రీల వేడి, ఆగకుండా 30 నిమిషాలు. ఛాంబర్‌లో గాలి ఎంత వేడెక్కినా, పచ్చిచెక్క మధ్యకు సెగ చేరడానికి చాలాసేపు పడుతుంది. అందుకే అన్నిటికంటే మందమైన పలకకు బెజ్జం వేసి, నడుమ దాకా ప్రోబ్ దించి కొలవాలి. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఈ పనిలో శిక్షణ ఇస్తోంది. అంటే నేర్చుకోవాలనుకుంటే మన హైదరాబాద్‌లోనే చోటుంది.

నా భయమల్లా మరమ్మతుల దగ్గరే. విరిగిన పలక ఊడదీసి, వేడి చూడని జంగిల్‌వుడ్ ముక్క కొట్టేస్తే పాత ముద్ర అబద్ధమైపోతుంది. మూడో వంతుకు మించి పలకలు మారిస్తే ఆ ముద్రలన్నీ చెరిపేసి, ప్యాలెట్‌ను మళ్లీ వేడి చేసి, కొత్త ముద్ర వేయాలన్నది నిబంధన. పది రూపాయలు కలిసొస్తాయని దీన్ని దాటవేయడం నేరమనే అంటాను.

వచ్చే సరుకు సంగతీ అంతే. మన హిమాలయాల్లోనూ దేవదారు, చిర్ పైన్ అడవులున్నాయి. దిగుమతైన యంత్రాల క్రేట్లు పనయ్యాక కట్టెలకో, పాత కలప దుకాణాలకో పోతాయి. ముద్ర లేకపోయినా, గుండ్రటి బెజ్జాల్లోంచి పొట్టు రాలుతున్నా ఆ చెక్కను గేటు దాటనివ్వకండి. వెంటనే మొక్కల క్వారంటైన్ అధికారులకు కబురు చేయండి.