పెనుకొండ సీమ: పన్నులు, పాలెగాళ్లు, జెండాలు

1773 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్ రేవులో జనం ఓడలెక్కి సముద్రంలో పారబోసిన తేయాకు ఎవరిదో తెలుసా? ఈస్టిండియా కంపెనీది. ఇరవై ఏడేళ్లు తిరిగేసరికి, 1800 అక్టోబరులో, ఆ కంపెనీయే పెనుకొండకు, హిందూపురానికి, ధర్మవరానికి ఏలిక అయింది. తన కొలువులో ఉంచుకున్న కంపెనీ పటాలాల ఖర్చు కింద నిజాం రాసిచ్చిన దత్తమండలాల్లో ఈ ఊళ్లన్నీ ఉన్నాయి.

1781లో యార్క్‌టౌన్‌లో అమెరికన్లకు లొంగిపోయిన కారన్‌వాలిస్ పదేళ్లకు కంపెనీ సేనానిగా మైసూరు ఏలిక టిప్పు చేతిలోని బెంగళూరు కోటను పట్టుకున్నాడు. టిప్పు మీద 1792లోనూ 1799లోనూ వచ్చిన గెలుపులే ఈ సీమను ముందు నిజాం చేతికి, తర్వాత కంపెనీ చేతికి చేర్చాయి. అక్కడ ఓడిన సేనాని ఇక్కడ గెలిచాడు. ఆ గెలుపు ఖరీదు మాత్రం మన రైతు మెడకు చుట్టుకుంది.

దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురుపడింది సుమారు ఎనభై మంది పాలెగాళ్లు, వాళ్ల వెనక దాదాపు ముప్ఫై వేల మంది సాయుధులు. కొందరికి భరణం ఇచ్చి కూర్చోబెట్టాడు, కొందరిని తరిమేశాడు. పాలెగాళ్ల విషయంలో ఆయన మరీ కఠినంగా పోయాడని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు.

పాలెగాళ్ల కథలు మనం పాటలు కట్టి పాడుకుంటాం. వాళ్ల కత్తుల కన్నా నాకు ఎక్కువ పట్టేది పన్నుల కథ. మన్రో శిస్తు పంటలో దాదాపు 45 శాతం. అది ఎక్కువేనని ఆయనే ఒప్పుకున్నాడు. 1807లో వెళ్లిపోతూ నాలుగో వంతు తగ్గించమని రాశాడు కూడా. కంపెనీ వినలేదు. పైగా రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకునే రైతువారీని పక్కనపెట్టి ఊళ్లకు ఊళ్లను మూడేళ్ల గుత్తకు, తర్వాత పదేళ్ల గుత్తకు ఇచ్చింది. వాన రాని సీమలో ఆ గుత్తలు నిలుస్తాయా? గుత్తేదార్లు చితికిపోయారు, బాకీల కింద కొందరు జైలుకూ వెళ్లారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాకే ఆ తగ్గింపు దక్కింది. ఈ ప్రాంతంలో పిల్లలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకున్నారంటే, చల్లగా చూసే అధికారి కోసం జనం ఎంతగా మొహం వాచిపోయారో ఊహించండి.

నేసేవాళ్లకూ తిప్పలు తప్పలేదు. మొతుర్ఫా పేరుతో మగ్గానికి కూడా పన్ను ఉండేది. మద్రాసు రాజధానిలో అది పందొమ్మిదో శతాబ్దం మధ్య దాకా పోలేదు.

ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న కొరచ, ఎరుకల కుటుంబాల సంగతి ఇంకా ఘోరం. ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, ఆపైన రైలు వాళ్ల బేరాన్ని తినేశాయి. పొట్టకూటి దారి మూసేసిన సర్కారే వాళ్లను పుట్టుకతో నేరస్థులన్నది! నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. దేశమంతటా ఆ మచ్చ పోయింది 1952లోనే. చరిత్ర పుస్తకాల్లో దీన్ని తిరుగుబాట్ల పక్కన రాయరు. రాయాలి.

ఈ దత్తమండలాల్లోనే గుంతకల్లు దగ్గర 1893లో తెల్ల సోల్జర్లు తరుముతుంటే పారిపోయి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లను కాపాడబోయి, రైల్వే గేటు కాపలాదారు హంపన్న తుపాకి గుండుకు బలయ్యాడు. గుత్తి న్యాయవాది పి. కేశవపిళ్లె ఆ విషయం పత్రికలకెక్కించి పోరాడారు. నిందితుడు మాత్రం మద్రాసు హైకోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు.

హిందూపురం నుంచి గౌరిబిదనూరు వెళ్లే దారిలో విదురాశ్వత్థం వస్తుంది. నాగప్రతిమలు నిలిపే క్షేత్రం, తెలుగు, కన్నడం కలిసి వినపడే చోటు. 1938 ఏప్రిల్‌లో మన వైపు మద్రాసులో రాజాజీ కాంగ్రెస్ ప్రభుత్వం నడుస్తోంది. ఎల్లదాటితే మైసూరు సంస్థానం. అక్కడ అదే కాంగ్రెస్ జెండా ఎగరేయడం నేరం! ఏప్రిల్ 11న ఆ సంస్థానంలోని శివపురలో ధ్వజ సత్యాగ్రహం జరిగింది. ఏప్రిల్ 25న విదురాశ్వత్థంలో కూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు ఒప్పుకున్న చావులు పది. స్థానికులు చెప్పే లెక్క ముప్ఫై దాటుతుంది. విచారణ సంఘానికి పెద్ద మన తెలుగువాడే, మద్రాసు హైకోర్టు మాజీ న్యాయమూర్తి సర్ వేపా రామేశం. గాంధీ పంపగా వల్లభభాయ్ పటేల్, కృపలానీ మైసూరు వచ్చి దివాను మీర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడారు. మే నెలలో కుదిరిన ఒడంబడికతో మైసూరు జెండా పక్కన కాంగ్రెస్ జెండా ఎగరడానికి అనుమతి దొరికింది.