మీ ఆవే వాళ్లకు పలక

పొద్దున్నుంచీ ఆవు మేత ముట్టలేదు. నెమరు లేదు. ఆటో మాట్లాడుకుని, నానా తంటాలు పడి తిరుపతి పశువైద్య కళాశాల ఆస్పత్రికి తీసుకెళతారు మీరు. తీరా అక్కడికి పోతే తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు ఏడెనిమిది మంది ఆవు చుట్టూ మూగుతారు. ఒకరు తోక ఎత్తి థర్మామీటరు పెడతారు. ఇంకొకరు ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి గడియారం చూస్తూ నిలబడతారు. మరొకరు కాగితం పట్టుకుని ప్రశ్న మీద ప్రశ్న వేస్తారు. "డాక్టరు ఏడీ సామీ? మా ఆవుతో ఈ పిల్లకాయలు ఆటలాడుకుంటా ఉండారు" అనిపించడం సహజమే. కొందరు రైతులు పైకే అనేస్తారు కూడా.

ఆ పిల్లకాయలు చేసేది ఆట కాదు. ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో తెలిస్తే మీ విసుగు సగం తగ్గుతుంది. మీ పశువుకూ మేలే.

తిరుపతి కళాశాల 1955లో మొదలైంది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చాక దాని గొడుగు కిందకు చేరింది. 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం విడిగా ఏర్పడింది. గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలో కూడా కళాశాలలున్నాయి. తెలంగాణలో అయితే రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు. ఇంటర్‌లో బైపీసీ చదివిన వాళ్లు ఇందులో చేరతారు. మొత్తం ఐదున్నరేళ్ల చదువు. చివరి ఏడాదంతా ఇంటర్న్‌షిప్, అంటే పుస్తకం మూసి పశువు దగ్గరే ఉండటం.

మొదటి ఏడాది ఎముకలతోనే గడుస్తుంది. ఆవు ఎముక ఏది, గుర్రం ఎముక ఏది అని కళ్లు మూసుకుని తడిమి చెప్పాలి. ఫార్మలిన్ మందులో ఊరబెట్టిన పశుకళేబరాన్ని పొరలు పొరలుగా విప్పి నరం ఎక్కడ పోతుంది, రక్తనాళం ఎక్కడ తిరుగుతుంది అని చూస్తారు. ఆ మందు ఘాటుకు కళ్లలో నీళ్లు కారతాయి. మొదటి వారం హాస్టల్లో అన్నం సయించదని పిల్లలే చెబుతారు.

కళాశాల పశుక్షేత్రంలో తెల్లవారుజామునే పని ఉంటుంది. గమ్‌బూట్లు వేసుకుని పేడ ఎత్తడం, దాణా కలపడం, పాలు పిండటం. టౌను నుంచి వచ్చిన పిల్లలు పొదుగు కింద కూర్చోవడానికే జంకుతారు. మన పల్లె బిడ్డలు కాలరెగరేసేది అక్కడే! కానీ వాళ్లూ ఒకటి మరిచిపోవాల్సి ఉంటుంది. మన ఇళ్లలో చాలామంది బొటనవేలు మడిచి, దాని కణుపుతో చన్ను నొక్కి పిండుతారు. అలా పిండితే చన్ను లోపలి పొర నలుగుతుంది, పొదుగువాపుకు దారి ఏర్పడుతుంది. పిడికిలి నిండా చన్ను పట్టుకుని పిండమని అక్కడ నేర్పుతారు. ఇంట్లో పదేళ్లు పిండిన చేతికి ఆ అలవాటు తప్పించడం టౌను పిల్లకు కొత్తగా నేర్పడం కంటే కష్టమట.

చేతికి కళ్లు రావాలి

అన్నింటికంటే కష్టమైన పాఠం చూడి పరీక్ష. గోళ్లు కత్తిరించుకుని, ఉంగరం, గడియారం తీసేసి, భుజం దాకా తొడుగు వేసుకుని, సబ్బునురగ రాసుకుని ఆవు పేడదారిలో చెయ్యి పెట్టాలి. లోపల ఏదీ కంటికి కనపడదు. మొదట్లో చేతికి తెలిసేది వెచ్చదనం, పేడ, అంతే. పైగా ఆవు ముక్కుతుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది. గర్భసంచి దొరకదు. దొరికినా అది గర్భసంచి అని తెలియదు. అందుకే ముందు కబేళా నుంచి తెచ్చిన గర్భసంచుల్ని బల్ల మీద పెట్టి కళ్లతో చూస్తూ తడమడం నేర్పుతారు. తర్వాతే బతికున్న పశువు. విద్యార్థి చూసి "రెండున్నర నెలల చూడి" అంటే, గురువు తానూ చెయ్యి పెట్టి చూసి ఔననో కాదనో అంటారు. ఒట్టిపోయిన సంచికి, ఒక కొమ్ము ఉబ్బి నీళ్లు నిండిన సంచికి తేడా వేలి కొసకు తెలియడానికి ఎన్నో పశువులు చూడాలి.

ఇదంతా మీకెందుకంటారా? ఎద తప్పితే మళ్లీ ఎద 21 రోజులకు. సూది వేయించాం కదా, ఎదకు రాలేదు కదా, కట్టిందిలే అని ఊరుకుంటే, ఐదో నెలలో చూపిస్తే ఒట్టిది అని తేలుతుంది. ఆ ఐదు నెలల మేత, దాణా ఎవరిచ్చారు? రెండున్నర, మూడు నెలలకే చూపిస్తే ఈ నష్టం సగానికి సగం తప్పుతుంది. రెండావుల పాల మీద ఇల్లు గడిచే వాళ్లకు ఇది చిన్న లెక్క కాదు. ఆ పిల్లవాడి చెయ్యి ఈ రోజు కుదిరితే, రేపు మీ మండలంలోనే డాక్టరుగా వచ్చి చెప్పే మాట కుదురుతుంది.

అయితే ఒక్క మాట. నేర్చుకోవడం పేరుతో ఒకే పశువులో వరసగా పది చేతులు పెట్టడం మంచిది కాదు. పేగు పొర ఒరుసుకుంటుంది, రక్తం వస్తుంది. మంచి గురువులు అలా జరగనివ్వరు. మీకు అనుమానమొస్తే నోరు విప్పి అడగండి, "ఇంకా ఎంతమంది చూస్తారు సామీ?" అని. అడిగితే తప్పేం లేదు.

పెళ్లి అన్నం సంగతి

ప్రశ్నల కాగితం పట్టుకున్న విద్యార్థిని చాలామంది లెక్కచేయరు. నిజానికి అక్కడ సగం వైద్యం జరిగేది ఆ కాగితం మీదే. ఒకాయన ఆవును తెచ్చాడు. తూలుతోంది, పేడ పల్చగా పుల్లటి వాసన. "ఏం పెట్టారండీ?" అని అమ్మాయి అడిగింది. "ఏముంది, గడ్డే" అన్నాడు. మళ్లీ అడిగింది, అదే జవాబు. మూడోసారి అడిగితే పక్కనున్న ఇంటావిడ కసురుకుంది, "చెప్పవేం? నిన్న పెళ్లింట్లో మిగిలిన అన్నం గంపెడు తెచ్చి పోస్తివి కదా!" అంతే, దారి దొరికింది. అన్నం ఎక్కువైతే పొట్టలో పులిసి ఆమ్లం పెరుగుతుంది, పశువు గంటల్లో కూలబడుతుంది. పొట్టలోని ద్రవం కొంచెం తీసి రంగు కాగితంతో చూసి నిర్ధారించుకున్నారు. మూడుసార్లు అడిగే ఓపిక ఉండబట్టి ఆ ఆవు దక్కింది.

డొక్కలో పిడికిలి పెట్టి గడియారం చూసేది పొట్ట కదలికలు లెక్కపెట్టడానికి. ఆరోగ్యంగా ఉన్న ఆవుకు నిమిషానికి ఒకటి రెండుసార్లు పొట్ట పొంగి దిగుతుంది. ఇది మీరూ ఇంట్లో చూసుకోవచ్చు. జ్వరం మాత్రం చెవి పట్టుకుని చెప్పకండి, థర్మామీటరు కొనుక్కోండి. ఆవుకు 101 నుంచి 102 డిగ్రీలు మామూలు.

ఇప్పుడు ఈ కోర్సులో అమ్మాయిలు బాగానే కనిపిస్తున్నారు. "ఆడపిల్ల, ఎనుమును పట్టుకుంటుందా?" అని గొణిగే పెద్దమనుషులూ ఉన్నారు. పశువును పట్టుకునేది బలం కాదు, తాడు, ముకుతాడు, బోను. గొర్రె ఈనలేక అల్లాడుతుంటే లోపల అడ్డం తిరిగిన పిల్లను సరిచేయడానికి సన్నటి చెయ్యే కావాలి. మందల వాళ్లకు ఈ సంగతి ముందే తెలుసు.

ఈ చదువులో ప్రమాదాలూ ఉన్నాయి. చొంగ కారుస్తూ, గొంతు బొంగురుపోయి అరుస్తున్న పశువును చూస్తే గొంతులో ఏదో ఇరుక్కుందని మనం నోట్లో చెయ్యి పెడతాం. అది పిచ్చికుక్క కరిచిన పశువైతే? అందుకే విద్యార్థులకు ముందుగా రేబిస్ టీకా వేయించుకోమంటారు, తొడుగు లేకుండా నోట్లో చెయ్యి పెట్టొద్దంటారు. మీకు ఆ టీకా ఉండదు. కాబట్టి మీరు అసలే పెట్టొద్దు. అలాగే శవపరీక్ష గదిలో మొదటి పాఠం ఏది కోయకూడదన్నది. ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచి, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దొమ్మ రోగమేమోనని అనుమానించాలి. దాన్ని కోయరు. ఊళ్లో అలాంటి పశువు తోలు వొలిచినా, మాంసం పంచుకున్నా మనుషుల ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరుకు కబురు పెట్టి, ఆయన చెప్పినట్టు సున్నం వేసి లోతుగా పూడ్చాలి.

ఇంటర్న్‌షిప్ ఏడాదిలో రాత్రి డ్యూటీలు పడతాయి. ఈనిన రెండు మూడు రోజుల్లో ఆవు కూలబడి, మెడ డొక్క వైపు తిప్పి పడుకుంటే పాలజ్వరం. కాల్షియం సీసా నరానికి ఎక్కించాలి. పెద్ద డాక్టరు ఎక్కిస్తుంటే ఇంటర్నీ స్టెతస్కోపు గుండె మీదే పెట్టి వింటూ ఉంటాడు. మందు వేగంగా పోతే గుండె తడబడుతుంది, అప్పుడు ఆపాలి. సీసా అయిపోయే లోపే లేచి నిలబడే ఆవులూ ఉన్నాయి. అందుకే కాల్షియమే కదా అని ఊళ్లో సూదులేసే వాళ్ల చేత గబగబా ఎక్కించొద్దు. విద్యార్థి ఎంత చురుకైన వాడైనా గురువు లేకుండా, ఒంటరిగా మీ ఇంటికొచ్చి వైద్యం చేయడానికి వీల్లేదు. పట్టా చేతికొచ్చి, పశువైద్య మండలిలో పేరు నమోదైన తర్వాతే ఆ హక్కు. 1984 చట్టం చెప్పేది అదే.

ఆస్పత్రికి పోయేటప్పుడు కొన్ని వెంట ఉంటే పని తొందరగా అవుతుంది. పారుతుంటే తాజా పేడ కొంచెం శుభ్రమైన డబ్బాలో పెట్టుకోండి. పొదుగువాపు అయితే నాలుగు చన్నుల పాలూ విడివిడిగా, ఏ సీసా ఏ చన్నుదో గుర్తు పెట్టి తీసుకెళ్లండి. ఎద, సూది, ఈత తేదీలు క్యాలెండరు మీద రాసుకునుంటే ఆ కాగితం చించుకుని పోండి. మేత పెట్టేది ఆడవాళ్లయితే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి. అంతకుముందు ఎవరైనా సూది వేసి ఉంటే ఆ ఖాళీ సీసా పారేయకుండా జేబులో వేసుకోండి. మందు పేరు మీకు గుర్తులేకపోయినా సీసా మీద ఉంటుంది.