ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి కుండంతా కలియబెట్టక్కర్లేదు. ఒక్క మెతుకు తీసి వేళ్ల మధ్య నలిపితే తెలిసిపోతుంది. గింజలన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడికాయి కాబట్టి ఆ లెక్క సరిపోతుంది. ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ కుర్రవాణ్ని చూసి, వీడు రేపు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో నిలబడతాడా లేదా అని తేల్చేటప్పుడు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అతను వేసిన ఒక్కో షాటూ ఒక్కో మంట మీద ఉడికిన గింజ.

2009 జూన్ 25న న్యూయార్క్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్ జరిగింది. డ్రాఫ్ట్ అంటే జట్లన్నీ వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం. రెండు రౌండ్లు, మొత్తం 60 మంది. ఆ ఏడాది మిన్నెసోటా టింబర్‌వుల్వ్స్‌కు 5, 6 వంతులు రెండూ దక్కాయి. రెండింటితోనూ పాయింట్ గార్డులనే తీసుకున్నారు. ఒకరు స్పెయిన్‌కు చెందిన రికీ రూబియో, ఇంకొకరు సిరక్యూస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జానీ ఫ్లిన్. ఏడో వంతు వచ్చిన గోల్డెన్ స్టేట్ వారియర్స్, డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీ కుర్రవాణ్ని తీసుకుంది. అతని పేరు స్టెఫెన్ కరీ. ఆ తర్వాత వారియర్స్ కరీతో కలిసి 2015, 2017, 2018, 2022లో టైటిల్ గెలిచింది. తుంటి గాయంతో దెబ్బతిన్న ఫ్లిన్ మూడు సీజన్లకే ఎన్‌బీఏకి దూరమయ్యాడు.

జరిగిపోయాక చెప్పడం ఎవరికైనా వస్తుంది. ఆ జూన్ నాటికే స్కౌట్ల (జట్ల తరఫున కొత్త ఆటగాళ్లను అంచనా వేసేవాళ్ల) ముందు ఉన్న కాగితాల్లో ఎంత కనిపిస్తోంది అన్నదే అసలు ప్రశ్న. నా దృష్టిలో చాలానే కనిపిస్తోంది.

పాయింట్ గార్డ్ పని ఏమిటో ముందు చూద్దాం. బంతిని తన వైపు నుంచి అవతలి బుట్ట దాకా నడిపించుకుపోయేది అతనే. ఎన్‌బీఏలో ప్రతి దాడికీ 24 సెకన్లే గడువు. ఆ కాస్త సమయంలోనే ఎవరికి బంతి ఇవ్వాలో, ఎప్పుడు తానే షాటు వేయాలో, ఎప్పుడు ఆగాలో తేల్చుకోవాలి. అప్పట్లో కాలేజీ మగపిల్లల ఆటలో ఈ గడువు 35 సెకన్లు. అంటే కాలేజీలో తాపీగా ఆలోచించి మెప్పు పొందినవాడు, పై స్థాయిలో ఆ తాపీతనం లేకుండా అదే పని చేయగలడా అన్నది కూడా చూడాలి.

స్కౌట్లు మొదట పట్టుకునేది టేపు. చెప్పులు లేకుండా కరీ ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. చేతులు బారచాపితే ఆరడుగుల మూడున్నర అంగుళాలు. బరువు 82 కిలోలు. మనలో ఇతను పొడగరే గాని, ఎన్‌బీఏ లెక్కలో సన్నగా, పొట్టిగా ఉన్న మనిషి. ఈ కొలతలు అనవసరమని నేననను. ఇద్దరు మీదపడినప్పుడు పొడగరి వాళ్ల తలల మీదుగా చూసి పాస్ ఇవ్వగలడు. చేతులు పొడుగుంటే ఎదుటివాడి షాటుకు అడ్డుపడగలడు. అయితే టేపు కొలత తేలిక, అనుమానం లేనిది. అందుకే దానికి ఉండాల్సినదానికన్నా ఎక్కువ విలువ వచ్చిపడుతుంది. చేతిలో ఉన్న నైపుణ్యాన్ని కొలవడం కష్టం కాబట్టి అది వెనకబడిపోతుంది.

ఆ కష్టం ఎక్కడుందో చూద్దాం. ఒక కుర్రవాడు సీజన్ మొత్తంలో వంద మూడు పాయింట్ల షాట్లు వేసి 35 కొట్టాడనుకోండి. అతని సత్తా 35 శాతం అని రాసుకుంటాం. గణాంకశాస్త్రం ఒప్పుకోదు. వంద ప్రయత్నాల నమూనాలో అదృష్టం వల్ల వచ్చే ఎగుడుదిగుడు అటూఇటూ తొమ్మిదిన్నర శాతం దాకా ఉంటుంది. అతని అసలు సత్తా 26 కావచ్చు, 44 కూడా కావచ్చు. మొదటిది జట్టులో చోటు దొరకని షూటర్ అంకె, రెండోది లీగ్‌లోనే మేటి షూటర్ల అంకె. కాలేజీలో ఒక్క ఏడాదే ఆడి డ్రాఫ్ట్‌కు వచ్చే కుర్రవాళ్లలో చాలామంది చేతిలో ఉండేది ఇలాంటి వంద, నూటయాభై షాట్ల నమూనాయే. దాని మీద కోట్ల డాలర్ల నిర్ణయాలు జరుగుతాయి.

కరీ మూడేళ్లు ఆడాడు. మూడు పాయింట్ల షాట్లు 1,004 వేసి 414 కొట్టాడు. అంటే 41.2 శాతం. ఇంత పెద్ద నమూనాలో అదృష్టం ఆడే చోటు మూడు శాతానికి తగ్గిపోతుంది. అతని అసలు సత్తా 38 శాతం కన్నా తక్కువ కాదని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు. శాతం కన్నా ఆ 1,004 అన్న అంకే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. అన్ని షాట్లు వేయాలంటే ఖాళీ దొరకాలి, దొరకకపోతే తానే చేసుకోవాలి, కోచ్‌కు నమ్మకం ఉండాలి.

నమూనా చిన్నదైనప్పుడు విశ్లేషకులు ఆధారపడేది ఎదుటివాడి ఫౌల్‌కు దక్కే ఫ్రీ త్రోల మీద. పదిహేను అడుగుల దూరం, అడ్డుపడేవాడు లేడు, ప్రతిసారీ అదే గీత, అదే బుట్ట. ఇక్కడ మాత్రం గింజలన్నీ ఒకే మంట మీద ఉడుకుతాయి. మణికట్టు, వేళ్లు, బంతి విడిచే తీరు ఎంత నిలకడగా ఉన్నాయో తేటగా బయటపడుతుంది. అందుకే రేపు ఎన్‌బీఏలో మూడు పాయింట్ల షాట్లు ఎలా వేస్తాడో ఊహించడానికి కాలేజీ ఫ్రీ త్రో శాతం ఎంతో పనికొస్తుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లు చాలాకాలంగా చెబుతున్నారు. కరీ మూడేళ్ల ఫ్రీ త్రో శాతాలు వరసగా 85.5, 89.4, 87.6.

ఇక చిక్కు ప్రశ్న. రెండో ఏడు 43.9గా ఉన్న అతని మూడు పాయింట్ల శాతం, మూడో ఏడు 38.7కి పడిపోయింది. డ్రాఫ్ట్‌కు ముందు చూసినవాళ్లకు ఇది అపశకునంలా అనిపించడం సహజం. కాని ఆ ఏడాది రెండు మార్పులు జరిగాయి. 2008-09 సీజన్‌కు మగవాళ్ల కాలేజీ ఆటలో మూడు పాయింట్ల గీతను ఒక అడుగు వెనక్కి జరిపి 20 అడుగుల 9 అంగుళాలకు చేర్చారు. అంతకన్నా పెద్ద మార్పు, జట్టు పాయింట్ గార్డ్ జేసన్ రిచర్డ్స్ చదువు ముగించుకుని వెళ్లిపోయాడు. అంతకుముందు ఏడు దేశం మొత్తంలో అసిస్టుల్లో, అంటే పడిన షాటుకు దారితీసిన పాస్‌ల్లో, మొదటివాడు అతనే. అప్పటిదాకా ఒకరు బంతి అందిస్తే షాటు వేసిన కరీ, ఇప్పుడు బంతిని తానే నడిపి, జట్టును ఆడించి, మీద ఇద్దరుండగా షాటు వేయాల్సి వచ్చింది. అసిస్టులు ఆటకు 2.9 నుంచి 5.6కి పెరిగాయి. టర్నోవర్లు, అంటే బంతి పోగొట్టుకున్న సందర్భాలు, 3.7 అయ్యాయి, అది ఎక్కువే. ఇవేవీ పరిగణించకపోయినా, ఒక్కో ఏడాది మూడువందల యాభై షాట్ల నమూనాలో ఐదు శాతం తేడా ఉత్త అదృష్టం వల్ల కూడా రావచ్చు.

కొత్త బాధ్యత అతన్ని కుంగదీసిందా? ఆ సీజన్‌లో 34 ఆటల్లో 974 పాయింట్లు చేశాడు. దేశంలో అందరికన్నా ఎక్కువ సగటు, 28.6. అందుకు మూడు పాయింట్లవీ కలిపి షాట్లు 687, ఫ్రీ త్రోలు 251 వాడాడు. ఫ్రీ త్రోలు ఎక్కువగా జంటగా వస్తాయి, కొన్ని షాటుకు అదనంగా వస్తాయి కాబట్టి విశ్లేషకులు వాటిని 0.44తో గుణించి కలుపుతారు. మొత్తం దాదాపు 797 ప్రయత్నాలు. ప్రయత్నానికి 1.22 పాయింట్లు. జట్టు బరువంతా మోస్తూ ఇంత చేయడం అరుదు. భారం పెరిగేకొద్దీ ఎవరి సామర్థ్యమైనా తగ్గుతుంది, ఇతనిది అంతగా తగ్గలేదు.

చిన్న కాలేజీ కదా, ఎదుటి జట్లు బలహీనం కదా అన్న అనుమానం న్యాయమైనదే. దానికి జవాబు 2008 మార్చిలో ఉంది. జాతీయ టోర్నమెంట్‌లో గొంజాగా మీద 40, జార్జ్‌టౌన్ మీద 30, విస్కాన్సిన్ మీద 33, ఆ ఏడు టైటిల్ గెలిచిన కాన్సస్ మీద 25 పాయింట్లు చేశాడు. కాన్సస్ ఆటలో ఆఖరి సెకన్లకు డేవిడ్‌సన్ రెండు పాయింట్లు వెనకబడి ఉంది. బంతి కరీ చేతిలో ఉంది. ఇద్దరు మీదికొచ్చారు. ఊరంతా అతనే వేస్తాడని చూస్తుంటే, అతను షాటు వేయకుండా ఖాళీగా ఉన్న రిచర్డ్స్‌కు పాస్ ఇచ్చాడు. ఆ షాటు పడలేదు. 59-57తో ఓడిపోయారు. ఆటల పట్టికలో ఆ పాస్‌కు విలువ సున్నా, ఎందుకంటే పడని షాటుకు అసిస్టు రాదు. స్కౌట్ కళ్లకు మాత్రం అది నిండైన సమాచారం.

ఇంకో ఆట అంతకన్నా బాగా చెబుతుంది. 2008 నవంబరులో మేరీలాండ్ లయోలా జట్టు, ఆట పొడుగునా ఇద్దరేసి మనుషుల్ని కరీకి అంటగట్టింది. బంతి ఎక్కడున్నా వాళ్లు అతన్ని వదల్లేదు. కరీ విషయం గ్రహించాడు. వెళ్లి ఒక మూల నిలబడ్డాడు. ఇద్దరూ అతని వెంటే మూలకు పోయారు. మిగిలిన కోర్టులో డేవిడ్‌సన్ వాళ్లు నలుగురు, లయోలా వాళ్లు ముగ్గురు. ఆ ఆటలో కరీ వేసినవి మూడే షాట్లు, చేసిన పాయింట్లు సున్నా. డేవిడ్‌సన్ 78-48తో గెలిచింది. దేశంలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసే కుర్రవాడు జట్టు కోసం సున్నాకు ఒప్పుకున్నాడు. పాయింట్ గార్డ్‌కు ఉండాల్సిన బుద్ధి ఇదే. ఏ కొలబద్దకూ ఇది అందదు, పూర్తి ఆటను కూర్చుని చూసినవాడికే అందుతుంది.

అంకెలు చెప్పలేనిదీ ఒకటుంది. అతని చీలమండలు. 2011, 2012లో రెండుసార్లు ఆపరేషన్ అయింది, 2011-12 సీజన్‌లో 26 ఆటలే ఆడగలిగాడు. 2012లో అతని ఒప్పందం నాలుగేళ్లకు 4.4 కోట్ల డాలర్లకే కుదిరిందంటే కారణం ఆ భయమే. అందుకే మంచి అంచనా ఎప్పుడూ ఒక్క అంకెగా ఉండదు, ఇంత నుంచి ఇంత దాకా అనే ఒక పరిధిగా ఉంటుంది.

షాటు విషయంలో మాత్రం ఎక్కువ కాలం ఎదురుచూడాల్సిన పని పడలేదు. ఇంకో మూడు అడుగులు వెనక ఉన్న ఎన్‌బీఏ గీత దగ్గర మొదటి ఏడే కరీ 43.7 శాతం కొట్టాడు. ఏటా జూన్‌లో డ్రాఫ్ట్ వస్తూనే ఉంటుంది. ఈసారి మీరు చూసేటప్పుడు, తెర మీద ఒక పాయింట్ గార్డ్ షూటింగ్ శాతం కనిపిస్తే, ముందు అతను ఎన్ని షాట్లు వేశాడో వెతకండి. తర్వాత ఫ్రీ త్రోల గడి చూడండి. ఆ తర్వాతే అతని ఎత్తు చదవండి.