రంగు వేశారా... తూకం చూశారా?

చిన్న విమానం కూడా కారులాంటిదే. కొన్నేళ్లు ఎండకీ వానకీ నిలబడితే రంగు వెలిసిపోతుంది. కొత్త రంగు వేయించాలనిపిస్తుంది. కారుకైతే ఒక కోటింగు ఎక్కువ పడినా పోయేదేమీ లేదు. విమానానికి అలా కాదు. రెక్క వెనక కదిలే పలక మీద కొద్ది గ్రాముల రంగు ఎక్కువైనా ప్రాణాల మీదికి రావచ్చు. అందుకే రంగు వేశాక ఆ పలకల్ని మళ్లీ తూకం చూస్తారు. దీన్నే కంట్రోల్ సర్ఫేస్ బ్యాలెన్సింగ్ అంటారు. అమెరికాలో సొంతంగా చిన్న విమానం కొనుక్కునేవారే కాదు, హ్యాంగర్లలో పెయింటింగ్, రిపేరు పనులు చేసేవారూ తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ఏమిటీ పలకలు?

విమానం పక్కకి వాలడానికి రెక్కల వెనక ఉండేవి ఐలరాన్లు. ముక్కు పైకీ కిందికీ తిప్పడానికి తోక దగ్గర ఉండేది ఎలివేటర్. కుడి ఎడమలకి తిప్పేది రడ్డర్. ఇవన్నీ తలుపు రెక్కల్లాగే కీళ్ల మీద కదులుతాయి. కీలుకి ముందున్న భాగం చిన్నది, వెనక భాగం పెద్దది. అందుకే వదిలేస్తే వెనక అంచు కిందికి వాలుతుంది.

చెక్‌పోస్టు దగ్గర గేటు చూశారు కదా! పొడవాటి కర్ర, ఈ చివర పొట్టి వైపు ఓ బరువు కట్టి ఉంటుంది. ఆ బరువు ఉండబట్టే అంత పొడుగు కర్ర ఒక్క చేత్తో లేస్తుంది. విమానం పలకల్లోనూ ఇదే కిటుకు. ముందు అంచు లోపలో, చివర ముందుకి పొడుచుకొచ్చిన కొమ్ములాంటి భాగంలోనో సీసం ముక్క బిగిస్తారు. అయితే ఇది పైలట్ చేతికి తేలిగ్గా ఉండడానికి మాత్రమే కాదు. అసలు కారణం వేరే ఉంది. అదే ఫ్లట్టర్.

సెకన్లలో ముక్కలు

గాలి కుదుపుకి రెక్క కాస్త పైకి వంగిందనుకోండి. వెనక బరువెక్కువున్న ఐలరాన్ రెక్కతో పాటు లేవదు, వెనకబడి కిందికి వాలుతుంది. ఐలరాన్ కిందికి వాలితే ఆ రెక్కకి ఇంకా ఎత్తు వస్తుంది. దాంతో రెక్క మరింత పైకి పోతుంది. తిరిగి కిందికి వచ్చేటప్పుడు ఐలరాన్ పైన ఉండిపోతుంది, రెక్కని మరింత కిందికి తోస్తుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా సమయానికి ఒక తోపు తోసినట్టన్నమాట! తోసేది మనిషి కాదు, ఎదురుగాలి. దానికి అలుపుండదు. కొద్ది సెకన్లలోనే పలక ఊడిపోవచ్చు, రెక్కే విరిగిపోవచ్చు. కీలుకి ముందు తగినంత బరువు ఉంటే పలక వెనకబడదు, రెక్కతో పాటే కదులుతుంది. తోపు దొరకదు.

ఈ పాఠం నేర్చుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. 1916లో బ్రిటన్‌లో హ్యాండ్లీ పేజ్ బాంబర్ తోక భయంకరంగా ఊగిపోతుంటే లాంచెస్టర్ అనే ఇంజనీరు పరిశోధించారు. కుడి, ఎడమ ఎలివేటర్లని గట్టిగా కలిపితే ఊపు ఆగుతుందని తేల్చారు. 1920ల తొలినాళ్లలో నెదర్లాండ్స్‌లో ఫాన్ బౌమ్‌హౌర్, కోనింగ్ అనే ఇద్దరు రెక్క, ఐలరాన్ ఫ్లట్టర్ మీద పనిచేశారు. ఐలరాన్‌ని బరువుతో తూకంలో పెడితే జబ్బు కుదురుతుందని చూపించారు. ఇవాళ్టికీ అదే మందు.

లెక్క ఎలా ఉంటుంది?

ఉదాహరణకి ఒక లెక్క చూద్దాం. పాత రంగు గీకకుండా దాని మీదే కొత్తది వేశారు. కీలుకి 20 సెంటీమీటర్ల వెనక 100 గ్రాములు పెరిగింది. 100 ని 20 తో గుణిస్తే 2000. దీన్ని సరిచేయాలంటే ముందు అంచులో బరువు పెట్టాలి. అక్కడ కీలు నుంచి దూరం 4 సెంటీమీటర్లే. అంటే 500 గ్రాములు కావాలి! వెనక పడిన 100 గ్రాముల రంగుకి ముందు అరకిలో సీసం అన్నమాట. అంత బరువు పట్టే చోటు కూడా అక్కడ ఉండకపోవచ్చు. అందుకే పాత రంగు పూర్తిగా తీసేశాకే కొత్తది పల్చగా వేయాలంటారు.

రంగొక్కటే కాదు. సొట్టకి పెట్టిన పుట్టీ, అతికించిన రేకు ముక్క, స్టిక్కర్లు... ఏవైనా తూకం మారుస్తాయి. పలక అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. రంగుతో అవి పూడిపోతే వాన నీరు లోపలే నిలుస్తుంది. అదీ బరువే. చలిదేశాల్లో అది గడ్డ కడుతుంది కూడా.

తూకం వేసే పద్ధతి

పలకని విమానం నుంచి విప్పుతారు. ఎగిరేటప్పుడు దానికి ఏమేం ఉంటాయో అవన్నీ బిగించే ఉంచాలి. ట్రిమ్ ట్యాబ్ మధ్యస్థానంలో ఉండాలి. రంగు పూర్తిగా ఆరాలి. తర్వాత కీలు ఉండే చోటే ఆనేలా స్టాండు మీద పెడతారు. కీలు దగ్గర ఒరిపిడి ఉండకూడదు. ఫ్యాన్లు, ఏసీ ఆపేయాలి, తలుపులు మూసేయాలి. చిన్న గాలి తగిలినా తూకం తప్పుతుంది.

పలకని మట్టంగా నిలిపి, వెనక అంచు కింద చిన్న కాటా పెట్టి ఎంత బరువు చూపిస్తుందో రాసుకుంటారు. దాన్ని కీలు నుంచి కాటా దాకా ఉన్న దూరంతో గుణిస్తారు. వచ్చిన అంకె తయారీ కంపెనీ మాన్యువల్లో ఇచ్చిన హద్దుల్లో ఉండాలి. కొన్ని విమానాల్లో పలక సరిగ్గా మట్టంగా నిలవాలి. కొన్నింట్లో వెనక కాస్త బరువున్నా ఒప్పుకుంటారు. ఒక మోడల్ లెక్క ఇంకోదానికి పనికిరాదు. వీ ఆకారపు తోక ఉండే బీచ్‌క్రాఫ్ట్ బొనాంజాలో ఎలివేటర్, రడ్డర్ రెండూ ఒకే పలక చేస్తుంది. దాని పైరేకు మెగ్నీషియంది, పల్చన. అక్కడ రంగు విషయంలో మరీ జాగ్రత్తగా ఉంటారు.

తూకం ఒక్కటే చాలదు

కీళ్లు, బోల్టులు బిగువుగా లేకపోతే తూకం సరిగ్గా ఉన్నా ఫ్లట్టర్ రావచ్చు. 2011 సెప్టెంబర్ 16న అమెరికాలోని రీనో ఎయిర్ రేసుల్లో మార్పులు చేసిన పీ-51 విమానం ప్రేక్షకుల దగ్గరే కూలింది. పైలట్‌తో కలిపి 11 మంది చనిపోయారు. ఎలివేటర్ ట్రిమ్ ట్యాబ్ స్క్రూలు వదులై ఫ్లట్టర్ వచ్చిందని దర్యాప్తులో తేలింది. పాతబడి, మళ్లీ వాడడంతో పట్టు తగ్గిన లాక్ నట్లే అందుకు కారణం. ఓ చిన్న నట్టు దగ్గర మొదలైన కథ అది.

రూలేమంటోంది?

అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ నిబంధనల్లో పార్ట్ 43 అని ఒకటుంది. పైలట్ లైసెన్స్ ఉన్న యజమాని తన విమానానికి కొన్ని చిన్న పనులు తానే చేసుకోవచ్చు. అందులో రంగు వేయడం కూడా ఉంది. కానీ బ్యాలెన్స్ చేసిన కంట్రోల్ సర్ఫేసులు అందులోకి రావని స్పష్టంగా రాశారు. వాటికి లైసెన్స్ ఉన్న మెకానిక్ పనిచూసి లాగ్ బుక్కులో సంతకం పెట్టాలి. కిట్ తెచ్చుకుని సొంతంగా కట్టుకున్న విమానాలకి చాలావరకు ఈ పార్ట్ వర్తించదు. అయినా ఫ్లట్టర్‌కి ఆ తేడా తెలియదు!

సెకండ్ హ్యాండ్ విమానం కొనేవారు రంగు నిగనిగ చూసి మురిసిపోకూడదు. ఆ రంగు ఎప్పుడు వేశారు, తర్వాత పలకల తూకం చూసినట్టు లాగ్ బుక్కులో రాసుందా అని అడగాలి. గాల్లో ఉండగా స్టిక్ అదరడం మొదలైతే వెంటనే పవర్ తగ్గించి వేగం తగ్గించాలి. దగ్గర్లోని ఎయిర్‌పోర్టులో దిగి మెకానిక్‌కి చూపించేదాకా మళ్లీ ఎగరకూడదు. స్పీడ్ మీటర్ మీద ఎర్రగీత ఉంటుంది కదా, అది పలకలు తూకంలో ఉన్నాయన్న నమ్మకం మీద గీసిన గీత.

మనకెందుకులే అనుకోవద్దు

హ్యాంగర్‌లో స్ప్రే గన్ పట్టుకునేది హెల్పర్. సంతకం పెట్టేది మెకానిక్. ఎన్ని కోటింగులు పడ్డాయో, పుట్టీ ఎక్కడ పెట్టారో చేసిన చేతికే తెలుస్తుంది. పైన నిగనిగలాడే రంగు ఆ సంగతి చెప్పదు. వీసా మీద వచ్చాం, మాటొస్తే ఉద్యోగం పోతుందేమో అని చాలామంది నోరు మెదపరు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ 'సార్, ఎలివేటర్ మీద రెండు కోటింగులు ఎక్కువ పడ్డాయి, తూకం చూడాలి' అని చెప్పడం ఫిర్యాదు కాదు, పనిలో భాగమే. చెప్పిన తేదీ, విమానం నంబరు, ఎవరికి చెప్పారో ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటే ఇంకా మంచిది. ఆ తూకానికి పట్టేది కొన్ని గంటలే. ఆ విమానం ఎక్కేది మాత్రం ఓ కుటుంబం.